అడ్డతీగ: విస్తరాకునిచ్చే మహాలత

అడ్డతీగ ఉష్ణమండలపు అడవులలోను, కొండవాగుల గట్ల మీదను పెరిగే ఒక మహాలత. తీగ అన్న మాటే గాని దీని కాండం చెట్టు మాను వలె కర్రగా ముదురుతుంది. దీని ఆకులే అడ్డాకులు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాలలోను, ఎల్లకు ఆవల పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, కోరాపుట్, జయపురం, మల్కనగిరి ప్రాంతాలలోను తరతరాలుగా నివసిస్తున్న తెలుగు కుటుంబాలలో పెళ్ళిపంక్తికి గాని, దినవారాలకు గాని, గుడి సంతర్పణకు గాని వేసే విస్తరి చాలాకాలంగా ఈ ఆకుతో కుట్టినదే. విస్తరిగా దీనిని ఎరుగని ఇల్లు ఆ ప్రాంతాలలో లేదు. అడవిలో నిలబడి ఇదుగో అడ్డతీగ అని చూపగలవారు మాత్రం మన ఊళ్ళలో తగ్గిపోతున్నారు.

ఈ తీగను గురించి అడవిలో రెండు అభిప్రాయాలున్నాయి. కలప పెంచే అటవీ శాఖ దృష్టిలో ఇది చెట్ల మీద పడి వాటిని వంకర తిప్పే శత్రువు. ఆకు ఏరి సంతకు మోసే గిరిజన స్త్రీ దృష్టిలో ఇది ఉప్పు పప్పులకు డబ్బు తెచ్చే ఆధారం. శత్రువనుకున్నవారూ దీనిని నరికారు, ఆధారమనుకున్నవారిలో కొందరూ తొందరపడి నరుకుతున్నారు. ఎక్కడ నరికారు, ఎప్పుడు నరికారు, ఎంత విడిచిపెట్టారు అన్న దానిని బట్టే ఒక కొండ మీద ఈ తీగ మిగలడమో మిగలకపోవడమో తేలుతుంది. అందుకని దీని పెరుగుదల తీరును కాస్త వివరంగా తెలుసుకోవడం అవసరం.

పేర్లు

తెలుగులో అడ్డ, అడ్డతీగ, అడ్డాకు తీగ అన్న పేర్లు వాడుకలో ఉన్నాయి. ఒడియాలో దీనిని సియాళి అంటారు. రాయగడ, కోరాపుట్ సంతలలో మన వ్యాపారులు కూడా సియాళి ఆకు అనే బేరమాడుతారు. హిందీ ప్రాంతాలలో మాహుల్, మాలూ, మాల్‌ఝన్ అన్న పేర్లున్నాయి. నేపాల్‌లో దీనినే భోర్ల అంటారు. అక్కడ కూడా పూజలకు, విందులకు ఈ ఆకుతోనే విస్తళ్ళు, దొన్నెలు కుడతారు. హిమాలయ పాదాల నుండి మధ్య భారతపు అడవుల మీదుగా ఒడిశా, తూర్పు కనుమల వరకు ఈ తీగ వ్యాపించి ఉంది.

రంపచోడవరం మన్యంలోని అడ్డతీగల అన్న ఊరి పేరు పాఠకులకు తెలిసినదే. 1922 అక్టోబరులో అల్లూరి సీతారామరాజు దండు దాడి చేసిన పోలీసు స్టేషన్లలో ఆ ఊరిదీ ఒకటి. ఊరి పేరులోనే తీగ ఉంది. ఆ తిరుగుబాటుకు గల కారణాలలో 1882 నాటి మద్రాసు అటవీ చట్టం వచ్చిన తరువాత కొండవారి పోడు మీద, అడవి వాడకం మీద పెరిగిన ఆంక్షలు ముఖ్యమైనవి. ఆకు, నార, గింజ, దుంప అన్నీ అడవి నుండే తెచ్చుకొనే వారికి ఆ ఆంక్షలు ఎంత భారమైనవో ఈ ఒక్క తీగ ఉపయోగాలు చూసినా అర్థమవుతుంది.

శాస్త్రీయ నామం విషయంలో ఒక చిన్న కథ ఉంది. మార్టిన్ వాల్ (1749–1804) అనే డెన్మార్కు వృక్షశాస్త్రవేత్త దీనికి బౌహీనియా రెసిమోసా అని పేరు పెట్టాడు. అయితే ఆ పేరు అప్పటికే లామార్క్ చేతిలో వేరొక మొక్కకు దక్కి ఉంది. ఆ మొక్క మన ఆరె చెట్టు. మహారాష్ట్రలోని తెలుగువారికి ఆరె సుపరిచితం. అక్కడ విజయదశమి నాడు బంగారమని చెప్పి పంచుకొనే ఆప్టా ఆకు దీనిదే. ఒకే పేరు రెండింటికి చెల్లదు గనుక, మద్రాసు రాజధానిలో పనిచేసిన రాబర్ట్ వైట్, ఆయన సహరచయిత వాకర్ ఆర్నాట్ 1834లో ఈ తీగకు వాల్ జ్ఞాపకార్థం బౌహీనియా వాహ్లి అని కొత్త పేరు పెట్టారు. తరువాతి పరిశీలనలలో బౌహీనియా ప్రజాతిని విభజించి, నులితీగలున్న మహాలతలను ఫానెరా అనే ప్రజాతిలో చేర్చారు. అందువల్ల నేటి గ్రంథాలలో దీని పేరు ఫానెరా వాహ్లి. పాత పుస్తకాలు, అటవీ శాఖ కాగితాలు చూసేవారికి బౌహీనియా వాహ్లి అన్నదే ఎక్కువగా కనిపిస్తుంది. రెండూ ఒకటే.

బౌహీనియా అన్న పేరులో కూడా ఒక చమత్కారం ఉంది. అది యోహాన్, గాస్పార్ బౌహిన్ అనే స్విట్జర్లాండు అన్నదమ్ముల పేరిట వచ్చింది. ఈ మొక్కల ఆకు రెండు తమ్మెలుగా చీలి, అడుగున కలిసి ఉంటుంది. ఇద్దరు అన్నదమ్ములు ఒక్క ఆకులో కలిసి ఉన్నట్లు తోచి ఆ పేరు నిలిచింది. మన పెరళ్ళలోని దేవకాంచనం ఆకు చూసినవారికి ఈ ఆకారం వెంటనే గుర్తుకు వస్తుంది. అడ్డతీగ, ఆరె, దేవకాంచనం మూడూ దాయాదులే.

రూపం

అడ్డతీగ చిక్కుడు కుటుంబానికి చెందినది. కాయను చూస్తే ఆ బంధుత్వం తెలిసిపోతుంది. కాని చిక్కుడు, కంది, పెసర వంటి పంటల వేళ్ళకు ఉండే నత్రజని బుడిపెలు ఈ ఉపకుటుంబపు మొక్కలకు సాధారణంగా ఉండవు. కనుక చిక్కుడు జాతి తీగ కదా, నేలకు బలమిస్తుందని ఆశించి చేలో నాటడం వల్ల ప్రయోజనం లేదు.

లేతకొమ్మలు, ఆకు కాడలు, ఆకు అడుగు భాగం తుప్పురంగు నూగుతో కప్పబడి ఉంటాయి. అడవిలో దూరం నుండి ఈ తీగను గుర్తుపట్టడానికి మొదటి ఆనవాలు ఈ రంగే. ఆకు ఆవు గిట్ట జాడ వలె ఉంటుంది. పైన లోతైన చీలిక, అడుగున హృదయాకారం. కాడ కలిసిన చోటు నుండి పది పదిహేను ఈనెలు విసనకర్ర పుల్లల వలె విచ్చుకుంటాయి. చిన్న ఆకు అరచేయి అంత ఉంటే, నీడలో ముదిరిన ఆకు 30 నుండి 45 సెంటీమీటర్ల వెడల్పు వరకు పెరుగుతుంది. అంతటి ఆకు ఒక్కటే ఒక మనిషి భోజనానికి సరిపోతుంది.

కొమ్మల కొసల వద్ద జంటగా నులితీగలు పుడతాయి. గడియారపు స్ప్రింగు వలె అవి చుట్టుకొని ఉండి, ఆసరా తగిలిన వెంటనే బిగిసి, తరువాత కర్రబారుతాయి. ఒకసారి కర్రబారిన నులితీగను చేతితో విప్పడం సాధ్యం కాదు, కత్తి కావలసిందే.

పూలు ఏప్రిల్ నుండి జూన్ వరకు గుత్తులుగా పూస్తాయి. విచ్చినప్పుడు తెల్లగా ఉండి, వాడే కొలది మీగడ రంగుకు, పసుపుకు తిరుగుతాయి. కాయ చదునుగా, కర్ర వలె గట్టిగా, తుప్పురంగు మఖమలు కప్పినట్లు ఉంటుంది. పొడవు 20 నుండి 30 సెంటీమీటర్లు. అది ముదరడానికి వర్షాకాలం, చలికాలం గడవాలి. ఎండిన కాయ పెద్ద చప్పుడుతో పగిలి, రెండు చెక్కలు మెలితిరిగి, గింజలను దూరంగా విసురుతుంది. ఎండ కాచిన నాడు కొండ వాలున ఆ చప్పుడు విని కొత్తవారు ఉలిక్కిపడడం సహజం. ఒక్కొక్క కాయలో ఆరు నుండి పన్నెండు వరకు బిళ్ళల వంటి ముదురు గోధుమరంగు గింజలు ఉంటాయి.

ఎగబ్రాకే తీరు

మొలక నీడలో పుడుతుంది. మొదటి సంవత్సరాలలో ఒక పొద వలె నేల దగ్గరే ఉండి వేరు పాదుకొంటుంది. తడి నిలిచే గెడ్డల పక్కన, వాగు గట్ల మీద, లోయల అడుగున ఇది బలంగా పెరగడానికి కారణం ఈ వేరుబలమే. తరువాత దగ్గరి చెట్టును పట్టుకొని పైకి పోతుంది. 10 నుండి 30 మీటర్ల వరకు ఎగబ్రాకి, చెట్టు తలను దాటి, పందిరి వలె పరచుకొని ఎండను అందుకొంటుంది. అక్కడి నుండి పక్క చెట్టుకు, దాని నుండి మరొక దానికి పోతుంది. ముసలి తీగ కాండం మనిషి నడుమంత లావై, గాడులు పడి, పెద్ద పాము చుట్టుకొన్నట్లు కనిపిస్తుంది. తీగ లాగితే డొంక కదిలినట్లు అన్న సామెతకు అడ్డతీగ అడవిలో అక్షరాలా అర్థముంది. ఒక పెద్ద తీగను తెగనరికి గుంజితే నాలుగైదు చెట్ల కొమ్మలు కదులుతాయి.

మరొక ముఖ్యమైన గుణం, నరికిన మోటు నుండి మళ్ళీ చిగురించడం. కాండం నరికినంత మాత్రాన అడ్డతీగ చావదు. మోడు చుట్టూ కొత్త కొమ్మలు వస్తాయి, అవి మళ్ళీ చెట్టు వెదుక్కుంటాయి. అయితే ఇలా తిరిగి పెరిగిన తీగ చెట్టుపైకి చేరి ఎండ అందుకొనే వరకు పూయదు, కాయదు. ఏటేటా నరికే చోట ఆకు కనిపిస్తూనే ఉంటుంది గాని గింజ ఉండదు. ముసలి మోళ్ళు ఎండిపోయిన నాడు వాటి స్థానంలో పుట్టే మొలకలు ఉండవు. పైకి పచ్చగా కనిపించే ఈ క్షీణతను అడవికి పోయేవారు సైతం ఆలస్యంగా గమనిస్తారు.

అటవీ శాఖతో వైరం

బ్రిటిషు కాలపు అటవీ నిర్వహణకు కలపే ప్రధానం. గుగ్గిలం, మద్ది, వేగిస వంటి చెట్లు నిటారుగా పెరిగితేనే దూలానికి, రైలు దిమ్మెకు పనికివస్తాయి. అడ్డతీగ చుట్టిన లేతచెట్టు మాను నొక్కుకుపోతుంది, తల వంగుతుంది, ఎండ అందక కుంగుతుంది. అందువల్ల అటవీ శాఖ కార్యప్రణాళికలలో తీగల నరికివేత ఒక క్రమబద్ధమైన పనిగా చేరింది. ఆర్.ఎస్. ట్రూప్ 1921లో వెలువరించిన భారతీయ వృక్షాల పెంపకపు గ్రంథంలో ఈ తీగ ప్రస్తావన ఉంది. గుగ్గిలపు అడవులకు హాని చేసే తీగలలో దీనిని ప్రధానంగా లెక్కించేవారు. కూలీలను పెట్టి, నేల దగ్గర ఒకసారి, మనిషి ఎత్తున ఒకసారి తీగను నరికించడం వాడుకైన పద్ధతి.

కలప దృష్టితో చూస్తే ఆ లెక్క తప్పు కాదు. లేత గుగ్గిలం మీద అడ్డతీగ పడితే నష్టమే. అయితే అడవి అంతా కలపతోటగా భావించడం వేరే సంగతి. వాగు గట్టున వంకర చెట్ల మీద, రాళ్ళ మీద అల్లుకొన్న తీగ ఏ దూలాన్నీ చెడగొట్టదు. పైగా దాని వేళ్ళు గట్టు మట్టిని పట్టి ఉంచుతాయి. ఆ తేడా పాటించకుండా ఒకే ఉత్తర్వుతో కొండంతా నరికించిన చోట నష్టపోయింది ఆకు ఏరుకొనే కుటుంబాలే.

తరువాతి కాలంలో కారణాలు మారాయి. పాడేరు, చింతపల్లి, అరకు ప్రాంతాలలో కాఫీ తోటలు విస్తరించినప్పుడు నీడచెట్ల మీది తీగలను తొలగించారు. కొన్ని కొండలు నీలగిరి తోటలైనాయి. పోడు విరామకాలం తగ్గిన కొండల మీద తీగ పైకి ఎక్కడానికి తగిన చెట్టే మిగలలేదు. ఆసరా లేని అడ్డతీగ పొదగా మిగిలి, చిన్న ఆకులే ఇస్తుంది. పెద్ద ఆకు కావాలంటే పెద్ద చెట్టు, నీడ, తడి మూడూ కావాలి.

ఆకు నుండి విస్తరి వరకు

వానలు వెనుకపట్టిన తరువాత ముదిరిన ఆకును కాడతో సహా కోస్తారు. మరీ లేత ఆకు ఎండితే ముడుచుకుపోతుంది, మరీ ముదిరినది పెళుసై పగులుతుంది. ఏది కోయాలో కంటితోనే తెలిసే నేర్పు ఏరేవారికి ఉంటుంది. ఉదయమే అడవికి పోయి మధ్యాహ్నానికి తలమోపుతో దిగిరావడం, ఇంటి ముందు ఎండలో పరచడం, పొడి అయిన ఆకును దొంతరలుగా పేర్చి బరువు పెట్టి చదును చేయడం, కట్టలు కట్టడం, ఇదంతా దాదాపుగా స్త్రీల పనే. సవర, జాతాపు, కొండదొర, బగత, కోదు, కొండరెడ్డి కుటుంబాలలో ఇది వ్యవసాయపు పనులు లేని రోజులలో చేతికి డబ్బు వచ్చే దారి.

కట్టలు సంతకు చేరిన తరువాత విస్తరి కుట్టేవారి చేతికి పోతాయి. కుట్టే ముందు ఎండుటాకు మీద నీళ్ళు చిలకరించి మెత్తబరుస్తారు. మధ్య ఒక పెద్ద ఆకు, చుట్టూ నాలుగైదు ఆకులు ఒకదాని అంచు మరొకదానిపైకి వచ్చేలా అమర్చి, సన్నని వెదురు పుల్లలతోనో ఈనెలతోనో గుచ్చుతారు. చారు కారకుండా ఉండడం అన్నది ఆకు నాణ్యత కంటే ఈ అమరికలోనే ఎక్కువగా ఉంది. పైఆకు అంచు లోపలి వైపునకు పడితే చారు అతుకు వెంట కిందికి దిగుతుంది. పెళ్ళిళ్ళలో పెద్దవారు విస్తరిని ఒకసారి తిరగేసి చూడడానికి కారణం ఇదే. ఒక్క ఆకును మడిచి పుల్ల గుచ్చితే దొన్నె అవుతుంది. ప్రసాదానికి, పచ్చడికి, కల్లుకు, జావకు దొన్నెకు మించినది లేదు.

అన్ని ప్రాంతాల విస్తరీ ఇదే అనుకోకూడదు. తెలంగాణ, రాయలసీమ పల్లెలలోను, కర్ణాటకలోని మన ఊళ్ళలోను మోదుగాకు విస్తరిదే పైచేయి. కన్నడంలో దానిని ముత్తుగ అంటారు. తమిళనాడులో అరిటాకు తరువాత మందారై ఆకు విస్తళ్ళు వాడుకలో ఉన్నాయి. యానాం వంటి డెల్టా ఊళ్ళలో అరిటాకు పెరటిలోనే దొరుకుతుంది. ఒడిశా లోపలి జిల్లాలలో సియాళితో పాటు గుగ్గిలపు ఆకు కూడా వాడతారు. గుగ్గిలపు ఆకు చిన్నది గనుక ఎక్కువ ఆకులు, ఎక్కువ పుల్లలు పడతాయి. అడ్డాకుకు గల సౌకర్యం దాని వెడల్పు. అందుకే ఇడ్లీ పొట్లానికి, మాంసం పొట్లానికి కూడా ఉత్తరాంధ్ర పట్టణాలలో దీనినే వాడేవారు. కాగితం, ప్లాస్టిక్ సంచి వచ్చి ఆ స్థానాన్ని తీసుకున్నాయి.

1990ల నుండి థర్మోకోల్, ప్లాస్టిక్ పూత గల కాగితపు పళ్ళాలు పెళ్ళిపందిళ్ళకు చేరాయి. నిలబడి తినే బఫే పద్ధతి కూడా చేతిలో వంగే ఆకు విస్తరికి ప్రతికూలమైనది. దీనికి జవాబుగా వేడి అచ్చుయంత్రంతో నొక్కిన గట్టి ఆకు పళ్ళాలు వచ్చాయి. 2022 జూలై 1 నుండి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్ళాలు, కప్పులు, చెంచాలు వంటి వస్తువుల తయారీని, అమ్మకాన్ని, వాడకాన్ని దేశమంతటా నిషేధించారు. నిషేధం అమలు ఊరికొక తీరుగా ఉన్నా, ఆకు పళ్ళానికి గిరాకీ పెరగడానికి అది ఒక కారణమే. గిరాకీ పెరిగితే ఏరేవారికి లాభమేనని వెంటనే అనుకోనక్కరలేదు. కట్టకు వచ్చే ధరకు, పట్టణంలో పళ్ళెం అమ్మే ధరకు మధ్య చేతులు ఎన్నో ఉన్నాయి. కుట్టుపని కూడా ఊళ్ళోనే జరిగితే ఏరిన కుటుంబానికి మిగిలేది ఎక్కువ. ఆకును ఆకుగానే అమ్మితే మిగిలేది కూలి మాత్రమే.

నార, గింజ, మేత

లోపలి బెరడు నుండి గట్టి ఎర్రటి నార వస్తుంది. దానిని నానబెట్టి, బాది మెత్తన చేసి తాళ్ళు పేనుతారు. కట్టెల మోపులకు, ఇంటి వాసాలకు, మంచాల అల్లికకు ఆ తాడు పనికివస్తుంది. తడిలో చాలాకాలం నిలవదు గనుక బావి చేదకు అంతగా ఎంచుకోరు. ఆకులను వెదురు చట్రాల మధ్య పరచి వానకు తల నుండి నడుము వరకు కప్పే గొడుగులు అల్లడం కొండ గ్రామాలలో ఉన్న పనితనం. నాట్లు వేసే స్త్రీలు రెండు చేతులకూ పని ఉన్నప్పుడు ఆ గొడుగే అనుకూలం. ప్లాస్టిక్ పట్టా వచ్చాక అది కూడా అరుదైంది.

గింజలను కాల్చుకొని లేదా వేయించుకొని తింటారు. జీడిపప్పును తలపించే రుచి. లేత కాయలను కూర వండుకొనే వాడుక కూడా ఉంది. పచ్చి గింజలు తినడం మంచిది కాదు, ఈ కుటుంబపు అడవి గింజలన్నింటికీ వేడి చూపించడమే పద్ధతి. ఆకు, బెరడు, గింజ, వేరు మందులుగా వాడే ఆచారాలు ఆయా తెగలలో ఉన్నాయి. వాటిని ఇక్కడ రోగానికొక మందుగా రాయడం ఉచితం కాదు. ఎండాకాలంలో పశువులకు, మేకలకు దీని ఆకు మేతగా కూడా వేస్తారు.

ఎల్లకు ఇవతల, అవతల

వంశధార, నాగావళి ఒడిశా కొండలలో పుట్టి మన మైదానాలకు దిగుతాయి. వాటి ఉపనదుల గట్ల మీద పెరిగే తీగ కూడా రాష్ట్రపు ఎల్లను ఎరుగదు. ఏరే కుటుంబం ఒక రాష్ట్రంలో, దగ్గరి సంత మరొక రాష్ట్రంలో ఉండడం మన ప్రాంతాలలో మామూలే. కాని ఆకు మీది అధికారం రాష్ట్రానికొక తీరుగా నడిచింది. ఆంధ్రప్రదేశ్‌లో 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థకు షెడ్యూల్డు ప్రాంతాలలో చిన్నతరహా అటవీ ఉత్పత్తుల కొనుగోలుపై 1979 నాటి నిబంధన ప్రత్యేక అధికారం ఇచ్చింది. అడ్డాకులు ఆ సంస్థ కొనే సరుకులలో ఒకటి. ఒడిశా ప్రభుత్వం 2000 మార్చిలో అనేక చిన్నతరహా ఉత్పత్తుల వ్యాపారంపై నియంత్రణను గ్రామ పంచాయతీలకు అప్పగించింది. ఈ తేడాల వల్ల, ఒక వైపు చెల్లిన మోపు మరొక వైపు ప్రశ్నకు గురికావడం కద్దు.

ఏరే కుటుంబాలు తప్పక తెలుసుకోవలసినది 2006 నాటి అటవీ హక్కుల చట్టం. మూడవ సెక్షను ప్రకారం, సంప్రదాయంగా తాము సేకరిస్తూ వచ్చిన చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై యాజమాన్యం, వాటిని సేకరించే, వాడుకొనే, అమ్ముకొనే హక్కు అడవిలో నివసించే షెడ్యూల్డు తెగలకు, ఇతర సంప్రదాయ అటవీ నివాసులకు ఉంది. గిరిజనేతరులైతే 2005 డిసెంబరు 13 నాటికి మూడు తరాలుగా, అనగా 75 సంవత్సరాలుగా, ప్రధానంగా అడవిలోనే నివసిస్తూ జీవనానికి అడవి మీద ఆధారపడి ఉన్నట్లు చూపవలసి ఉంటుంది. హక్కు కోరే దరఖాస్తు మొదట వెళ్ళేది గ్రామసభకు. చట్టం కేంద్రానిది గనుక ఎల్లకు రెండు వైపులా ఒక్కటే.

రవాణా విషయంలో ఒక మార్పు గమనించదగినది. 2008 నాటి నియమాలు తలమోపు, సైకిలు, తోపుడుబండి వరకే అనుమతించినట్లు ఉండేవి. 2012 సవరణతో అడవి లోపల, వెలుపల కూడా తగిన వాహనంలో తీసుకుపోవచ్చునని, నిల్వ చేయడం, విస్తళ్ళుగా కుట్టడం వంటి పనులు కూడా హక్కులో భాగమేనని స్పష్టమైంది. రవాణా అనుమతి పత్రం ఇచ్చే బాధ్యత గ్రామసభ ఏర్పరచిన కమిటీది. అడ్డాకు కట్టలతో ఆటోలో పోయేవారు ఆ పత్రం వెంట ఉంచుకోవడం మేలు.

కోత, నాటకం

ఆకు కోతలో అనుభవజ్ఞులు పాటించే పద్ధతి సులభమైనది. అందే ఎత్తులోని ఆకును కాడ దగ్గర కోస్తారు, తీగను నరకరు. పై ఆకు కావాలంటే కొంకి కర్రతో కొసకొమ్మను వంచుతారు. కొస చిగురును విడిచిపెడతారు. ఒక గెడ్డ పక్కన ఉన్న తీగలలో కొన్నింటిని కాయకు వదిలేస్తారు. ఆకు త్వరగా నిండాలని కాండాన్నే పడగొట్టి, నేల మీద కూర్చుని ఆకులు దూసుకొనే తీరు ఆ రోజుకు లాభం. ఆ తీగ మళ్ళీ పందిరి వేసే వరకు ఆ కుటుంబమే ఇంకా దూరపు కొండకు నడవాలి. తీగను నరకక తప్పని చోటు ఒకటే, కలపకు ఉంచిన లేతచెట్టు మాను. అక్కడ నరికితే అటవీ శాఖతోను తగవు లేదు.

గింజ నాటదలచినవారు కాయ పగలకముందే, చెక్క ముదిరి గోధుమరంగుకు తిరిగిన కాయలను ఏరాలి. ఆ సంవత్సరపు గింజలనే ఒక రాత్రి నీటిలో నానబెట్టి, తొలకరికి సంచులలోనో నేరుగా గుంటలోనో నాటాలి. చోటు వాగు గట్టో, పోరంబోకు గుట్టో అయి ఉండాలి. పక్కన కానుగ, మద్ది వంటి గట్టి చెట్టు ఆసరాగా ఉండాలి. మామిడి, జీడిమామిడి, పనస తోటల దరిదాపులకు దీనిని తీసుకురాకూడదు, కాపు చెట్టును కప్పివేస్తుంది. పశువులు లేత మొక్కను వదలవు గనుక మొదటి రెండు మూడు సంవత్సరాలు ముళ్ళకంప వేయాలి. ఆకు కోతకు తొందరపడకూడదు, తీగ చెట్టు తల అందుకొనే వరకు ఆగాలి.

కొనేవారికి ఒక మాట. అంగడిలో దొరికే అచ్చు పళ్ళాలన్నీ ఆకు పళ్ళాలు కావు. చాలావాటిలో పైన ఆకు, అడుగున అట్ట, మధ్య పల్చని ప్లాస్టిక్ పొర ఉంటాయి. అంచు దగ్గర కొద్దిగా చించి చూస్తే పొర సాగుతూ కనిపిస్తుంది. అటువంటి పళ్ళెం పెంటకుప్పలో కుళ్ళదు, పశువు తింటే కడుపులో నిలుస్తుంది. రెండు వైపులా ఈనెలు కనిపిస్తూ, అడుగున తుప్పురంగు నూగు చేతికి తగిలితే అది అడ్డాకే. పుల్లలతో కుట్టిన విస్తరి అయితే పశువుల ముందు వేసే ముందు పుల్లలు తీసివేయాలి.